తిన్నవాడు చదవాలి

మా పెతాంగ్, టీచరు పరీక్షకి చదివిన ఆ ఎండాకాలం మా బాతులు గుడ్లు సగానికి సగం తగ్గించేశాయి. తప్పు నాది కాదు, బాల మనస్తత్వ శాస్త్రానిది. తెల్లారగానే మందని సరస్సు ఒడ్డుకి తోలుకెళ్ళి నత్తలు మేపాల్సిన మనిషిని. దొడ్లో పీటేసుకుని "పిల్లవాడి ఎదుగుదలలో దశలు" అని గొంతు చించుకుంటూ కూచుంటే, ఆకలితో ఉన్న బాతు ఏ దశలో గుడ్డు పెడుతుంది?

పెతాంగ్ నా భార్య. బాప్తిస్మం పేరు పెర్పెత్వా. మూడేళ్ళప్పుడు తట్టు పోసి చూపు పోయింది. మనీలాలో చూపులేని పిల్లల బడిలో చదివి, స్నేహితురాళ్ళ చేత పాఠాలు చదివించుకుని కాలేజీ కూడా గట్టెక్కింది. మా ఊరొచ్చాక మాత్రం ఒళ్ళు పట్టే పనే దొరికింది. లగూనా సరస్సు ఈ వైపు ఒడ్డున ఆమె బొటనవేలు తగలని నడుము లేదు. ఆ ఏడు టౌన్లో బడివాళ్ళు చూపులేని పిల్లలకి ఒక తరగతి తెరుస్తామన్నారు. "సర్కారు పరీక్ష ప్యాసవ్వమ్మా, ఆ తరగతి నీదే" అంది హెడ్‌మిస్ట్రెస్. అంతకు ముందొకసారి రాసి తప్పింది పెతాంగ్. తెలివి లేక కాదు, పుస్తకం లేక. ఆ పరీక్షకి అందరూ చదివే లావుపాటి పుస్తకం ఒకటే ఉంది. అది అచ్చులోనే ఉంది. బ్రెయిలీలో లేదు, టేపు మీద లేదు.

మనీలాలో చూపులేనివాళ్ళ లైబ్రరీకి వెళ్ళాం. అక్కడి అమ్మాయి పుస్తకాన్ని చేతిలో తూకం వేసి చూసింది. "మిషనుంది, కాగితం ఉంది, చేసేవాళ్ళున్నారు. అచ్చేసినవాళ్ళ అనుమతి లేదు ఆతె. తెస్తే రేపే మొదలెడతాం" అంది. ఆతె అంటే అక్క అనే, కానీ ఆ పిల్ల దాన్ని ఓదార్పులా పలికింది.

అట్నుంచటే అచ్చేసినవాళ్ళ ఆఫీసుకి వెళ్ళాం. మేనేజరు లక్సమానా గారు నలభై దాటిన మనిషి, మెత్తటివాడు. పెతాంగ్ ముఖానికి చెమట చూసి బల్లఫ్యాను ఆమె వైపు తిప్పాడు. నేను తెచ్చిన మా బాతుల ఉప్పుగుడ్ల బుట్టని ఏం చెయ్యాలో తెలీక కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"నా చేతిలో ఉంటే ఈ నిమిషమే ఇచ్చేద్దును" అన్నాడు. "రాసినవాళ్ళు ముగ్గురు. ఒకాయన కెనడాలో ఉన్నాడు, ఉత్తరాలకి జవాబివ్వడు. ఒకావిడ ఒప్పుకుంటుంది. ఇంకొకాయన పోయాడు. ఆయన పిల్లలు ఐదుగురూ కోర్టులో ఉన్నారు, పుస్తకం హక్కు ఎవరిదని. వాళ్ళలో ఒక్కరు సంతకం పెట్టకపోయినా నేనిచ్చిన అనుమతి చెల్లదు."

"చుక్కల పుస్తకం ఎవరమ్ముకుంటారు సర్?" అంది పెతాంగ్. "చూపున్నవాడు కొనడు. లేనివాడి దగ్గర డబ్బుండదు."

ఆయన నవ్వాడు గానీ తల మాత్రం అడ్డంగా ఊపాడు. "ఇదివరకోసారి ఒక బడికి టేపుకి ఒప్పుకున్నాం. ఆర్నెల్లకి ఆ టేపులు సంతలో, జీన్స్ ప్యాంట్ల పక్కన. అప్పట్నుంచి మా డైరెక్టర్లకి టేపన్నా చుక్కలన్నా ఒకటే. కాపీ అంటే కాపీ."

"మా ఆయన చదివి వినిపిస్తే?"

"భార్యకి భర్త చదివితే ఎవరు కాదంటారమ్మా!"

"పక్కింటావిడొచ్చి చదివితే?"

"మీ ఇంట్లో కూచుని చదివితే చదవనివ్వండి. కాపీ మాత్రం వద్దు."

పెతాంగ్ ఆ మాటని మడిచి కొంగులో కట్టుకున్నంత జాగ్రత్తగా తల ఊపింది. నేను మాత్రం బయటికి రాగానే పుస్తకాల షాపులో ఒక కాపీ కొని, పక్క షాపులో ఖాళీ క్యాసెట్ల వైపు చూశాను.

"ఏం చూస్తున్నావ్?" అంది.

"ఏం లేదు."

"నీ అడుగులు ఆగాయి. క్యాసెట్లేగా? వద్దు. రేపు పిల్లల ముందు నిలబడి దొంగతనం తప్పురా అని చెప్పాల్సినదాన్ని. దొంగ పుస్తకంతో టీచర్నవ్వమంటావా?"

"ఎవరికి తెలుస్తుందే?"

"నీకు తెలుసు. నువ్వు తాగితే ఊరంతటికీ తెలుసు."

బస్సెక్కాం.

అలా మొదలైంది నా చదువు. పొద్దున బాతులకి ముందో వెనకో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, దీపాలు పెట్టే వేళ. ఆమె ఒళ్ళో బ్రెయిలీ పలక పెట్టుకుని, నేను చదివిందాంట్లో కావలసింది పుల్లతో టకటకా పొడుచుకునేది. అది ఆమె సొంత నోట్సు, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను వ్యవసాయ కాలేజీలో చదివినవాణ్ణే, అక్షరాలకి భయపడను. కానీ ఆ పుస్తకం రాసిన ముగ్గురూ ఒకరితో ఒకరు పోటీ పడి నిద్రమందు కలిపారు. ముఖ్యంగా ఏడో అధ్యాయం. దాని పేరు జ్ఞాపకశక్తి. ఎన్నిసార్లు మొదలెట్టినా రెండో పేజీలోనే నా గడ్డం గుండెకి తగిలేది.

"పులో."

"ఊఁ?"

"జ్ఞాపకం మూడు విధాలు అన్నావు. రెండయ్యాయి. మూడోది?"

"మర్చిపోయాను."

ఆమె నవ్వేది. ఒక్కరోజు మాత్రం నవ్వలేదు. పలక పక్కన పెట్టి, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. "చూపున్న మీరైతే వేలు పెట్టుకుని వెనక్కెళ్ళి చూసుకుంటారు. అర్థం కాకపోతే అక్కడే ఆగుతారు. నాకు నువ్వే పేజీ పులో. నువ్వు నిద్రపోతే పుస్తకం మూసుకున్నట్టే."

నేను లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చదివాను. మళ్ళీ నిద్రపోయాను.

ఇంతలో ఈస్టర్ ముందటి పవిత్ర వారం వచ్చింది. పబాసా పారాయణం ప్రతి ఏడూ మా దొడ్లోనే. మా అమ్మ మొక్కుకున్న మొక్కు అది, ఆమె పోయినా మేం వదల్లేదు. వెదుళ్ళు పాతి, కొబ్బరాకులు కప్పి పందిరి వేశాం. ప్రభువు పడ్డ బాధల కథని ఊరి పెద్దమ్మలు రెండు వరసలుగా కూచుని, ఒక వరస ఒక చరణం, ఇంకో వరస ఇంకో చరణం, మార్చి మార్చి పాడతారు. ఒక గొంతు అలిసిపోతే ఇంకో గొంతు అందుకుంటుంది తప్ప పాట ఆగదు. ఊళ్ళో లౌడ్‌స్పీకర్ ఉన్న పెద్దాయన మాంగ్ తెబాన్ దాన్ని మా చింతచెట్టుకి కట్టాడు, ఊరందరికీ పుణ్యం అందాలని. దారిన పోయేవాడెవడైనా పందిట్లోకి వస్తే వాడికి అల్లం టీ, అరటాకులో చుట్టి ఉడికించిన బియ్యపు సుమాన్ పెట్టాల్సిందే. తిన్నవాడు ఒక వంతు చదవాల్సిందే. మేయరైనా అంతే, గుడ్ల వ్యాపారైనా అంతే.

ఈ పెద్దమ్మలకి నాయకురాలు ఆలింగ్ కోన్సోర్సియా, పిలుపుకి ఆలింగ్ సియా. డెబ్భై దాటింది. ఎండిన చేపలమ్మే గొంతు, ఆర్గన్ పక్కన కూడా వినబడే గొంతు. ఈస్టర్ వెళ్ళాక పందిట్లో మర్చిపోయిన కళ్ళజోడు కోసం వచ్చి, నేను చదవడం విని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒరే పులో, భార్యకి చదువుతున్నావా, బాతుల్ని పిలుస్తున్నావా?"

"పరీక్షకి ఆలింగ్ సియా. అచ్చులో తప్ప దొరకదు. కాపీ చెయ్యకూడదు. చదివి వినిపించొచ్చట, అంతే."

"చదవడానికేనా ఇంత ఏడుపు? ఊళ్ళో చదివే గొంతులు లేకనా? నెల రోజులు గొంతు సాపు చేసుకున్నాం, ఇప్పుడు ఏడాది దాకా ఖాళీ." పుస్తకం నా చేతిలోంచి లాక్కుంది. ఇంగ్లీషు పుస్తకమే. అయితే మా పెద్దమ్మలందరూ అమెరికన్ దొరసానుల బడిలో అక్షరాలు దిద్దినవాళ్ళు. అర్థం ఎలా ఉన్నా నోరు తిరుగుతుంది. "ఇందులో ప్రభువుకి విరోధంగా ఏమన్నా ఉందా?"

"పాఠాలు చెప్పడం గురించే ఆలింగ్ సియా" అంది పెతాంగ్.

"ఆయనా పాఠాలు చెప్పినవాడేగా" అని పీట లాక్కుని కూచుంది.

మొదటి నాలుగు వాక్యాలు మామూలుగానే చదివింది. ఐదో వాక్యానికి గొంతు కాస్త సాగింది. ఆరో వాక్యం చివర పైకి లేచి, ఏడుపులా కిందికి దిగింది. నేను పెతాంగ్ వైపు చూశాను. ఆమె పెదాలు బిగబట్టుకుని ఉంది. ఏం చేస్తుంది పాపం ఆ ముసలమ్మ! అచ్చు పుస్తకం చేతిలోకి తీసుకుని పైకి చదవడమంటే ఆమెకి తెలిసిన పద్ధతి ఒక్కటే. శిలువ కిందికి చేరుతున్నట్టు, తరగతి గదిలో క్రమశిక్షణకి సంబంధించిన సూత్రాలన్నీ ఒక్కొక్కటే విలపిస్తూ వచ్చాయి.

"రాగం తియ్యకుండా చదవొచ్చు ఆలింగ్ సియా" అన్నాను.

"ఎక్కడ తీశాను?" అంది నిజంగా ఆశ్చర్యపోయి.

"తియ్యనివ్వు" అంది పెతాంగ్ నా మోకాలు గిల్లి. "నీ చదువులో ఒక్క ముక్క నిలవలేదు. ఈమె చదివింది అప్పుడే తలలో తిరుగుతోంది."

మర్నాటికి రెండో వరస కూడా వచ్చింది. పందిరి ఇంకా విప్పలేదు కదా, అందులోనే కూచున్నారు. ఒక వరస ప్రశ్న, ఇంకో వరస జవాబు. పెతాంగ్‌కి ఎక్కడ కావాలంటే అక్కడ చెయ్యెత్తితే ఆ చరణం మళ్ళీ పాడేవాళ్ళు. అల్లం టీ కాచడం, సుమాన్ ఉడికించడం నా పని. జ్ఞాపకం మూడో విధం ఏమిటో ఆ వారంలోనే ఊరందరికీ తెలిసిపోయింది.

ఊరందరికీ ఎందుకంటే, మాంగ్ తెబాన్ వల్ల. పందిట్లో పెద్దమ్మలు కూచున్నారు, చదువుతున్నారు, అంటే పబాసా. పబాసా అంటే లౌడ్‌స్పీకర్. ఎవరినీ అడగలేదు, వైరు పెట్టేశాడు. నేను సరస్సు ఒడ్డున బాతుల వెనక ఉండగా నీళ్ళ మీదుగా "పాఠ ప్రణాళికలో నాలుగు భాగాలు" అని వినిపించి, తెడ్డేస్తున్న జాలర్లు టోపీలు తీసి శిలువ గుర్తు వేసుకున్నారు.

మా కంచె అవతల జనం చేరడం మొదలైంది. టౌన్లో కోచింగ్ సెంటరుకి డబ్బు కట్టలేని కుర్రాళ్ళు సైకిళ్ళు ఆనించి నోట్సు రాసుకునేవాళ్ళు. పక్క ఊరి బెనిల్డా వచ్చేది. ఆమె కూడా చూపులేని పిల్లే, ఒళ్ళు పట్టేదే, కాలేజీ ఆఖరి ఏడు. కర్ర పట్టుకుని వచ్చి సరిగ్గా లౌడ్‌స్పీకర్ కింద, ఎండలో, కంచెకి ఆనుకుని నిలబడేది. లోపలికి రమ్మంటే, "మీ చదువుకి అడ్డం ఎందుకు ఆతె, ఇక్కడే బాగా వినిపిస్తోంది" అనేది.

కోచింగ్ సెంటరు ఆయనకి కూడా బాగానే వినిపించింది. మనీలాకి ఫోన్ చేశాడు.

లక్సమానా గారు మధ్యాహ్నం వచ్చాడు. ఆఫీసు బూట్లు, బాతుల బురద. పందిరి ముందు నిలబడి చెట్టు మీది లౌడ్‌స్పీకర్నీ, కంచె మీది నోట్సునీ, రెండు వరసల ముసలమ్మల్నీ, మధ్యలో తమ కంపెనీ పుస్తకాన్నీ చూశాడు. నేను సుమాన్ పళ్ళెంతో అలాగే బిగుసుకుపోయాను. ఇక అయిపోయింది అనుకున్నాను. పుస్తకం పట్టుకుపోతాడు, పెతాంగ్ మళ్ళీ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంటుంది.

ఆలింగ్ కోన్సోర్సియాకి ఆయనెవరో తెలీదు. తెలిసినా ఆమె పద్ధతి మారేది కాదు. "రా బాబూ, నీడలోకి రా. పులో, నిలబడ్డావేం, పెట్టు!"

"అమ్మా, నేనొచ్చింది..."

"ముందు తిను."

తిన్నాడు. ఎండలో మనీలా నుంచి బస్సులో వచ్చినవాడు, ఆకలిగానే ఉన్నాడు. రెండో సుమాన్ కూడా తిన్నాడు. వేళ్ళు తుడుచుకునేలోపు పుస్తకం ఆయన ఒళ్ళో పడింది.

"తిన్నావుగా. నీ వంతు."

"అమ్మా, నేను దీన్ని ఆపడానికొచ్చాను."

"ఆపుదువుగాని" అంది ఆమె. "నీ వంతయ్యాక."

అవతలి వరస ముసలమ్మలు నోరు మూసుకుని, చేతులు కట్టుకుని ఆయన కోసం ఎదురు చూశారు. పబాసాలో మౌనం కన్నా పెద్ద గద్దింపు లేదు. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీశాడు. చదవడం మొదలెట్టాడు, ఆఫీసు గొంతుతో, గబగబా. రెండో పంక్తి ఆలింగ్ కోన్సోర్సియా రాగంలో అందుకుంది. మూడోది ఆయనది. ఆ రాగం పక్కన మామూలు గొంతు నిలవదు, అది నాకూ తెలుసు. ఐదో పంక్తికి ఆయన గొంతు వణికి, వంగి, ఎప్పుడో చిన్నప్పుడు ఏ నాయనమ్మ పక్కనో కూచున్నప్పటి వంపులో పడిపోయింది.

"నల్లబల్ల మీద రాసే అక్షరాలు..." అని పాడాడు, "ఆఖరి బల్ల మీది పిల్లవాడికి కూడా... కనిపించేటంత పెద్దవిగా..."

అక్కడ ఆగాడు.

పెతాంగ్ పుల్ల టకటకమని ఆ వాక్యాన్నీ పొడుచుకుంది. తర్వాత తల ఆయన వైపు తిప్పింది.

"తర్వాత సర్?"

ఆయన పేజీ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "...పెద్దవిగా ఉండవలెను" అని పూర్తి చేసి, తర్వాతి పేజీ తిప్పాడు. ఆ తర్వాతిది కూడా.

"లక్సమానా గారు కదూ" అంది పెతాంగ్ ఆయన వంతయ్యాక. "ఫ్యాను చప్పుడు లేకపోయేసరికి పోల్చుకోలేదు."

"మీ ఇంట్లో చదువుకోమన్నాను కదమ్మా" అన్నాడు, దోషం ఎవరిదో తెలీనట్టు. "సరస్సుకంతటికీ చదవమన్నానా?"

"అది మాంగ్ తెబాన్ భక్తి సర్."

"లౌడ్‌స్పీకర్ విప్పించండి. ఈ పూటే. కంచె దాటి వినిపించకూడదు." తర్వాత కంచె దగ్గరికి వెళ్ళి కుర్రాళ్ళతో, "మీకు కళ్ళున్నాయిగా? కొనుక్కోండి" అన్నాడు. వాళ్ళు సైకిళ్ళెక్కారు. బెనిల్డా మాత్రం మాట ఎవరి వైపు నుంచి వచ్చిందో అటు మొహం పెట్టి, కర్ర రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. ఆయన ఆమె దగ్గరికి జరిగాడు.

"లోపలికి వెళ్ళమ్మా" అన్నాడు. "ఇక్కడ ఎండ."

మాంగ్ తెబాన్ గొణుక్కుంటూ చెట్టెక్కాడు. వెళ్ళేటప్పుడు లక్సమానా గారికి ఉప్పుగుడ్లు కట్టిచ్చాను. ఈసారి కాళ్ళ దగ్గర పెట్టుకోలేదు, చంకలో పెట్టుకున్నాడు. అనుమతి గురించి ఆయన ఒక్క మాట అనలేదు. మేమూ అడగలేదు.

వానలు పడ్డాక పరీక్ష. ప్రశ్నలు చదివి వినిపించడానికి ఒక అమ్మాయిని కూచోబెట్టారు. బయట గొడుగు కింద నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని పెతాంగ్ చెప్పిన మొదటి మాట, "గదిలో పాడకూడదని తిట్టారు."

"పాడావా?"

"లోపల్లోపలే పాడుకున్నాననుకున్నాను. ఏ జవాబూ రాగం లేకుండా రాదే! సగం పేపరయ్యేసరికి ఆ ప్రశ్నలు చదివే పిల్ల కూడా సాగదీయడం మొదలెట్టింది."

ఆఖరి మాట నేను పూర్తిగా నమ్మను. ఫలితం మాత్రం పేపర్లో పడింది, నమ్మక తప్పలేదు. ఆలింగ్ కోన్సోర్సియా తన పేరే చూసుకున్నట్టు చూసుకుంది. "ప్యాసయ్యాం" అంది.

ఇప్పుడు పెతాంగ్ పొద్దున్నే జీప్నీ ఎక్కి టౌనుకి వెళ్తుంది. ఆరుగురు పిల్లలు. ఎక్కాలు ఏ రాగంలో చెప్తోందో నేనడగలేదు. బాతులు మళ్ళీ దారికొచ్చాయి. పుస్తకం అటక మీద ఉంది. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక నేనొకసారి దాన్ని దించి, దుమ్ము దులిపి, మళ్ళీ పెట్టేశాను కూడా.

ఆ తర్వాతి పవిత్ర వారానికి కొద్దిగా ముందు బస్సు కండక్టరు ఒక పెద్ద పెట్టె దించి వెళ్ళాడు. లోపల బ్రెయిలీ పుస్తకాలు, దిండ్లంత లావు. పైన లక్సమానా గారి చీటీ: కెనడా ఆయన జవాబిచ్చాడు, పోయినాయన పిల్లలు ఐదుగురూ సంతకం పెట్టారు, ఒక్కొక్కరింటికీ ఉప్పుగుడ్లు పట్టుకెళ్ళాల్సి వచ్చింది.

పెతాంగ్ మొదటి పేజీ మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. పరీక్ష ప్యాసైనవాళ్ళకి ఆ పుస్తకంతో పనేముంది!

"రేపు బెనిల్డాకి ఇచ్చి రా" అంది. "ఈ ఏడు తనే రాస్తోంది. ఈ పూటకి మాత్రం ఉండనీ."

బాతుల్ని దొడ్లో పెట్టి వచ్చేసరికి కరెంటు పోయింది. మునిమాపు వేళ, ఇల్లంతా మసక. అగ్గిపెట్టె కోసం తడుముకుంటుంటే, "నీకెందుకు దీపం? పడుకో" అని నా తల లాగి ఒళ్ళో పెట్టుకుంది. నా చెవి పక్కన కాగితం మీద ఆమె వేళ్ళు సన్నగా గీరుకుంటూ నడిచిన చప్పుడు. ఏడో అధ్యాయం. జ్ఞాపకం మూడు విధాలు. మామూలుగానే మొదలెట్టింది, ఐదో వాక్యం దగ్గర గొంతు పైకి లేచింది.

"వింటున్నావా?" అంది రెండో విధం అయ్యాక.

"ఊఁ" అన్నాను. నేను నిద్రపోయినా పుస్తకం మూసుకోదు కదా అని, హాయిగా కళ్ళు మూసుకున్నాను.